నడుము ఒప్పుకున్నాకే పరుగు



నడుము పట్టేసి, నెలో రెండు నెలలో మంచానికీ కుర్చీకీ మధ్యే గడిపి, కాస్త తేరుకున్నవాళ్ళు మా ఫిజియోథెరపీ గదిలోకి వచ్చి అడిగే మాట ఒకటుంది. "నేను మళ్ళీ పరిగెత్తొచ్చా?" ఆ ప్రశ్న పూర్తికాకముందే పక్కన కూర్చున్న భార్యో, భర్తో, తల్లో జవాబు చెప్పేస్తారు. "చాల్లెండి, ఇంకా పరుగులేమిటి? బుద్ధిగా నడుచుకోండి." పుదుచ్చేరిలో ఈ సంభాషణ ఎక్కువగా తమిళంలో నడుస్తుంది. యానాం నుంచి ఉద్యోగాల మీద వచ్చిన మనవాళ్ళ కుటుంబాల్లో తెలుగులో నడుస్తుంది. మాటలు మాత్రం ఇవే.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్కువమంది మళ్ళీ పరిగెత్తొచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతతో మొదలుపెట్టాలి అన్న దగ్గరే తేడాలొస్తాయి.

ఎక్కువమంది అన్నాను కానీ అందరూ అనలేదు. ఆ మిగిలినవాళ్ళ సంగతి ముందు చూద్దాం. నడుము నొప్పితోపాటు మూత్రం రాకపోవడమో, తెలియకుండానే పోవడమో జరిగినా, సైకిలు సీటు ఆనే చోట స్పర్శ తగ్గినా అది రేపటిదాకా ఆగే విషయం కాదు. ఆ రోజే, ఆ గంటలోనే జిప్‌మర్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. కాలి నుంచి చెప్పు దానంతటదే జారిపోతున్నా, పాదం పైకి లేవక గడప తగులుతున్నా నరం దెబ్బతింటోందని అనుమానించాలి. జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చే నొప్పి, ఇదివరకు క్యాన్సర్ ఉన్నవాళ్ళకు కొత్తగా వచ్చిన నొప్పి, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు జారిపడ్డాక వచ్చిన నొప్పి, వీటన్నిటినీ డాక్టరు చూడాల్సిందే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తమ సర్జన్ సరేనన్నాకే ఈ ప్రసంగంలో మిగతా మాటలు పాటించాలి.

ఇక మామూలు నడుము నొప్పికి వద్దాం. మొదటి భయం కదలికంటే. అందుకే మన ఇళ్ళల్లో దీనికి మొదటి మందు మంచం. "కదలకు, పడుకో" అంటారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనేవారు. 1986లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక రాశారు. ఏడు రోజులు పడుకున్నవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు, సెలవులు ఖర్చవడం తప్ప. 1995లో ఫిన్లండ్‌వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళారు. హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల్లో నడుము పట్టేసినవాళ్ళను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పడక, ఒక జట్టుకు ప్రత్యేక వ్యాయామాలు. మూడో జట్టుకు ఏమీ లేదు, ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకోమన్నారు. తొందరగా కోలుకున్నది ఆ మూడో జట్టే. వ్యాయామాలు నేర్పి బతికే నాలాంటివాళ్ళకు ఇది కొంచెం మింగుడుపడని ఫలితమే అయినా, నిజం నిజమే.

రెండో భయం ఎమ్మారై కాగితం. "ఎల్ నాలుగు, ఎల్ ఐదు మధ్య డిస్కు ఉబ్బింది" అని అందులో కనిపించగానే ఇక జీవితం అయిపోయిందని అనుకుంటారు. 1994లో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. సగానికి పైగా, అంటే 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళే. కాబట్టి ఆ కాగితాన్ని మీ లక్షణాలతో, మీ కాలి బలంతో కలిపి చదవాలి. విడిగా చదివితే అది మనిషిని కుర్చీకి కట్టేస్తుంది.

మూడో భయం అసలైనది. పరిగెడితే వెన్నుపూసలు అరిగిపోతాయని. దీనిమీద జర్మనీలోని ఉల్మ్‌లో 1999లో జరిగిన ప్రయోగం గురించి చెప్పాలి. ఒక వ్యక్తి తన ఇష్టంతోనే నడుము డిస్కులోకి సన్నని ఒత్తిడి కొలిచే సాధనం పెట్టించుకున్నాడు. అది ఒంట్లో ఉండగానే నిలబడ్డాడు, కూర్చున్నాడు, బరువులెత్తాడు, జాగింగ్ చేశాడు, రాత్రి నిద్రపోయాడు. నిలబడినప్పుడు డిస్కులో ఒత్తిడి 0.5 మెగాపాస్కల్. జాగింగ్‌లో 0.35కీ 0.95కీ మధ్య పైకీ కిందికీ ఆడింది. ఇరవై కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3కి ఎగిరింది.

ఇరవై కిలోలంటే ఎంతో పుదుచ్చేరి గృహస్థులకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళబ్బాయి గుమ్మం ముందు దింపిపోయే ఇరవై లీటర్ల క్యాను. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము విల్లులా వంచి, క్యానును ఒక్క ఊపున ఎత్తి స్టాండు మీద బోర్లించే ఆ క్షణంలో డిస్కు మీద పడేది జాగింగ్‌లో పడే దానికి రెండింతలు పైనే. పరుగుకు భయపడి బూట్లు అటక మీద పెట్టినవాళ్ళు ఆ క్యానును మాత్రం వారానికి మూడుసార్లు అలాగే ఎత్తుతుంటారు. మోకాళ్ళు వంచి ఎత్తితే అదే బరువుకు ఒత్తిడి 1.7కి తగ్గిందని కూడా అక్కడే తేలింది. ఒక్క మనిషి మీద చేసిన కొలతలు కాబట్టి అంకెలు అందరికీ అచ్చంగా అవే ఉండవు. ఏది పెద్ద, ఏది చిన్న అన్న వరసను మాత్రం నేను నమ్ముతాను.

2017లో ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఐదేళ్ళకు తక్కువ కాకుండా క్రమంగా పరిగెడుతున్నవాళ్ళ డిస్కుల్ని, వ్యాయామం లేనివాళ్ళ డిస్కులతో పోల్చారు. పరిగెత్తేవాళ్ళ డిస్కుల్లో నీటిశాతం మెరుగ్గా ఉంది. వారానికి ఇరవై, నలభై కిలోమీటర్ల మధ్య జాగింగ్ చేసేవాళ్ళకు కూడా ఆ లాభం కనిపించింది. మంచి నడుము ఉన్నవాళ్ళే పరుగులో మిగిలి ఉంటారు కదా, అందుకే అలా కనిపించిందేమో అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయినా పరుగు డిస్కును తినేస్తుందన్న వాదన మాత్రం దీనిముందు నిలబడదు.

మరి ఎన్నాళ్ళు ఆగాలి? దీనికి ఒకే అంకె చెప్పేవాళ్ళను నమ్మకండి. క్రికెట్ నుంచి రెండు ఉదాహరణలు చెబుతాను.

2010 అక్టోబర్ 5, మొహాలీ. ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 పరుగులు కావాలి. 124 దగ్గర ఎనిమిది వికెట్లు పోయాయి. మన హైదరాబాద్ వీవీఎస్ లక్ష్మణ్ నడుము కండరాలు పట్టేసిన స్థితిలో క్రీజులో ఉన్నాడు. అతని బదులు పరిగెత్తడానికి సురేశ్ రైనా వచ్చాడు. ఇశాంత్ శర్మతో 81 పరుగులు జోడించి, 73తో అజేయంగా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో లక్ష్మణ్ ఆ టెస్టు గెలిపించాడు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి ఆ చివర్లో పరుగు కోసం ప్రజ్ఞాన్ ఓఝా మీద అరిచిన అరుపు చాలామందికి గుర్తుంటుంది. నాలాంటివాళ్ళం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తర్వాతి వారం. బెంగళూరులో జరిగిన రెండో టెస్టులో లక్ష్మణ్ ఆడలేదు.  లక్ష్మణ్ నవంబర్ మొదట్లో అహ్మదాబాద్‌లో న్యూజిలాండ్ మీద తిరిగొచ్చాడు. 15 పరుగులకే ఐదు వికెట్లు పోయిన రెండో ఇన్నింగ్స్‌లో 91 కొట్టాడు. అంటే పట్టేసిన కండరానికి సుమారు నెల.

రెండోది జస్‌ప్రీత్ బుమ్రా. 2022లో నడుము గాయంతో ఆగి, సెప్టెంబర్‌లో తిరిగొచ్చి రెండు మ్యాచ్‌లు ఆడాడు. రెండోది మన ఉప్పల్ స్టేడియంలోనే, సెప్టెంబర్ 25న. ఆ వెంటనే మళ్ళీ ఆగిపోయాడు. అది వెన్నుపూస ఎముకలో వచ్చిన చీలిక. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ అయింది. మళ్ళీ బంతి పట్టుకుని మైదానంలో దిగింది ఆగస్టు 18న, ఐర్లండ్‌లో. అంటే దాదాపు పదకొండు నెలలు. ఇద్దరిదీ ఇంట్లో మనం నడుం నొప్పి అనే చెబుతాం. ఒకరికి నెల, ఇంకొకరికి ఏడాదికి దగ్గర. ఇరవై ఏళ్ళలోపు పిల్లలు, ముఖ్యంగా ఫాస్ట్ బౌలింగ్ చేసేవాళ్ళు, వెనక్కి వంగినప్పుడు ఒక పక్కనే నొప్పి అంటే దాన్ని కండరమని కొట్టిపారేయకండి.

కాలెండరు కంటే నేను నమ్మేది ఒంటి పరీక్షల్ని. ఇవి ఇంట్లోనే చేసుకోవచ్చు. అరగంట చురుగ్గా నడిచినా నొప్పి పెరగకూడదు. అరగంట కుర్చీలో కూర్చుని లేచినప్పుడు చెయ్యి తొడ మీద ఆనించకుండా నిటారుగా నిలబడగలగాలి. ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్ళండి, వట్టి కాళ్ళతో. రెండు వేళ్ళు మాత్రం గోడకు తాకించి, ఒంటికాలి మీద నిలబడి, మడమ పూర్తిగా పైకెత్తి దించండి. బాగున్న కాలితో ఇరవై దాకా వెళ్తారు. నొప్పి వచ్చిన వైపు కాలు పన్నెండుకో పదమూడుకో వణుకుతుంది, మడమ సగమే లేస్తుంది, తెలియకుండానే మోకాలు వంచి మోసం చేస్తారు. ఆ తేడా కనిపిస్తే పిక్కకు వెళ్ళే నరం ఇంకా పూర్తిగా తేరుకోలేదన్నమాట. నొప్పి పోయినా సరే, ఆ కాలితో పరుగు మొదలుపెట్టకండి. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటికాలి మీద మీ బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. ఆ తర్వాత మడమల మీద నాలుగడుగులు నడిచి చూడండి, ఒంటికాలితో పదిసార్లు గెంతి చూడండి. అన్నీ కుదిరితే అప్పుడు బూట్లు దించండి.

పరుగు మొదలుపెట్టడానికి మన బీచ్ రోడ్డు కంటే మంచి చోటు నాకు తెలియదు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బళ్ళు రావు. ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు, ఎత్తుపల్లాలు లేని దారి. గట్టి నేల నడుముకు చెడ్డదని, ఇసుక మంచిదని కొందరంటారు. నేను ఒప్పుకోను. సెక్రటేరియట్ ఎదురుగా మళ్ళీ ఏర్పడిన ఇసుక తీరం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు నీళ్ళ కింద అడ్డుకట్ట వేశాక వచ్చిన ఇసుక అది. పిల్లలు ఆడుకోనివ్వండి. అలల వైపు వాలిన ఆ నేల మీద పరిగెడితే ఒక కాలు పొట్టిదైనట్టు నడుము ఒక పక్కకు ఒరుగుతూనే ఉంటుంది. కొత్తగా తేరుకున్న నడుముకు చదునైన తారు రోడ్డే నయం.

టౌనులో ఉండేవాళ్ళు బీచికి స్కూటరు మీద రాకండి. నెహ్రూ వీధి పట్టుకుని తూర్పుకు నడిచి రండి. దానికో కారణముంది. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉల్మ్ ప్రయోగంలో ఏడు గంటల పడకలో ఒత్తిడి 0.1 నుంచి 0.24కి పెరిగింది. అందుకే పొద్దున మనం సెంటీమీటరో, అంతకు కొంచెం ఎక్కువో పొడుగుంటాం. నిద్ర లేచిన మొదటి గంటలో నడుము వంచడం డిస్కుకు అన్ని వేళలకంటే కష్టం. ఐదున్నరకు గాంధీ విగ్రహం దగ్గర కాళ్ళు చాపుకుని, వేళ్ళు అందుకోవాలని ముందుకు ఊగుతూ కనిపించేవాళ్ళు సరిగ్గా ఆ పనే, సరిగ్గా ఆ వేళలోనే చేస్తున్నారు. ఆ వంగుళ్ళు మానేయండి. పది పదిహేను నిమిషాల నడకే మీకు వార్మప్.

ఆ నడక తర్వాత ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఇలా ఆరుసార్లు. అంతే, ఇంటికి వెళ్ళిపోండి. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మది చాలు. అడుగులు చిన్నవిగా, కాస్త గబగబా వేయండి. పెద్ద అంగలు వేసి మడమతో నేలను గుద్దకండి. రోజు విడిచి రోజు. ఈ మోతాదు వరసగా రెండుసార్లు సరిపడితే జాగింగ్ రెండు నిమిషాలు చేయండి, తర్వాత మూడు, ఐదు. పెంచేది నిడివినే. వేగం, ఫ్లైఓవర్ ఎక్కడం, కొత్త బూట్లు, ఇవేవీ అదే వారంలో కలపొద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల నొప్పి వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

సరిపడిందో లేదో ఎలా తెలుస్తుంది? పరిగెడుతున్నప్పుడు తెలియదు. ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, సముద్రపు గాలి, పక్కన స్నేహితులు, అంతా బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. లేచి, పళ్ళు తోముకోవడానికి వాష్ బేసిన్ ముందు కొంచెం వంగినప్పుడు నడుము ఎలా ఉంది? ముందు రోజు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటే మోతాదు సరిపోయినట్టు. బిగుసుకుపోయి ఉంటే ఎక్కువైనట్టు. పరుగులో పదికి రెండో మూడో అనిపించే నొప్పిని నేను పట్టించుకోను, మర్నాటికి పోతే. మర్నాటికి మిగిలిన నొప్పిని మాత్రం, ఒకటే అయినా, పట్టించుకుంటాను.

ఇంకొక గుర్తు. నొప్పి ఎంత ఉందనే కాదు, ఎక్కడ ఉందో చూడండి. పిక్కలో ఉన్న నొప్పి తొడలోకి, తొడలోంచి నడుములోకి చేరితే జనం కంగారుపడతారు, పైకి పాకుతోందని. అది మంచి సూచన. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు గదిలో ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుము బాగా వెనక్కి వంగిపోయింది. చూసి కంగారుపడాల్సిన భంగిమ. తీరా లేచాక కాలి నొప్పి తగ్గిపోయిందన్నాడు. మెకెంజీ తన పద్ధతినంతా అక్కడినుంచే అల్లుకుంటూ వచ్చాడు. దీన్ని తిరగేసి కూడా గుర్తుంచుకోవాలి. పరిగెడుతుంటే నొప్పి నడుములోంచి పిరుదులోకి, పిక్కలోకి దిగుతున్నా, పాదంలో తిమ్మిరి మొదలైనా అక్కడే ఆగి నడిచి ఇంటికి వెళ్ళాలి.

ఇన్ని చెప్పినా మనుషులు దెబ్బతినేది చెడ్డరోజున కాదు, మంచిరోజున. యానాం నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేస్తున్న ఒకాయన ఐదు వారాలు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆరో వారం నడుము పట్టుకుని వచ్చారు. "ఏం జరిగిందండీ?" అంటే, "ఏం లేదండి, ఆదివారం పొద్దున్నే మహా హుషారుగా ఉందండి. కుర్రాళ్ళు నలుగురు కలిశారండి. ఇంకో రౌండు, ఇంకో రౌండు అనుకుంటూ ఓ ఐదు రౌండ్లు లాగించేశామండి" అన్నారు. ఇరవై నిమిషాలకు అలవాటైన నడుము మీద గంట పరుగు పడింది. ఆయన్ను ఏమనగలం? నెలల తరబడి ఒళ్ళు మొరాయించాక ఒక పొద్దున తేలిగ్గా కదిలితే ఎవరికైనా ఆగబుద్ధి కాదు. అందుకే నేను ఒక చిట్కా చెబుతాను. ఇంటి దగ్గరే ఫోనులో అలారం పెట్టుకోండి. అది మోగగానే ఎక్కడున్నా, ఎంత హుషారుగా ఉన్నా నడకలోకి దిగిపోండి.

పరుగు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు బలం కసరత్తు కావాలి. కెనడా వాటర్లూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు వెన్ను మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు కసరత్తుల్లో ఒకటి రేడియోలో కూడా చెప్పగలిగినంత తేలిక. చాప మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి ఉండండి. కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపి పది లెక్కపెట్టండి. తర్వాత అటుది ఇటు మార్చండి. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియాలంటే నడుము మీద సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు పెట్టమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. గ్లాసు పడితే నడుము తిరుగుతోందని అర్థం. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. దీంతోపాటు పిరుదుల్ని పైకెత్తే బ్రిడ్జి, గోడకానుకుని గుంజీ, ఇంతకుముందు చెప్పిన మడమ లేపడం చేస్తే చాలు. నడుం బెల్టు తొడుక్కుని మాత్రం పరిగెత్తకండి. కండరం చేయాల్సిన పనిని దానికి అప్పజెప్పకూడదు.

ఇంత చేసినా నొప్పి మళ్ళీ రాదని నేను మాటివ్వలేను. నడుము నొప్పికి తిరిగొచ్చే అలవాటుంది. సిడ్నీలోని మాక్వారీ విశ్వవిద్యాలయంవాళ్ళు కోలుకున్న 701 మందిని గమనించి 2024లో ఫలితాలు చెప్పారు. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవాళ్ళకు నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. ఏమీ చేయనివాళ్ళకు 112 రోజులే. అక్కడ పరుగు లేదు, వట్టి నడకే. కాబట్టి మధ్యలో మళ్ళీ పట్టేస్తే పూర్తిగా మంచమెక్కకండి. పరుగు ఆపి నడకకు దిగండి, నడకా కష్టమైతే ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. తగ్గాక, ఆగిన మెట్టుకు రెండు మెట్లు కింద నుంచి మొదలుపెట్టండి. కార్తీకంలో వానలు పట్టుకుని వారం పోయినా ఇదే లెక్క.

చివరగా పోటీల మాట. మన పొరుగునే ఆరోవిల్‌లో 2008 నుంచి ఫిబ్రవరి నెలలో మారథాన్ జరుగుతోంది. అడవిలో ఎర్రమట్టి దారులు, గెలిచినవాళ్ళకు బహుమతులుండవు, సమయం లెక్కకట్టరు. నడుము బాగుపడ్డాక మొదటిసారి నలుగురిలో పరిగెత్తాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. గడియారం వెంటపడని చోటు కాబట్టి మధ్యలో నడిచినా అడిగేవాళ్ళుండరు. వేర్లూ గుంతలూ ఉంటాయి గనక, ముందు రెండు మూడు ఆదివారాలు మట్టిదారి మీద అలవాటు చేసుకోండి. ఆపకుండా నలభై నిమిషాలు పరిగెత్తి, మర్నాడు వాష్ బేసిన్ ముందు మామూలుగా వంగగలిగితే పది కిలోమీటర్లకు పేరివ్వండి. ఇరవై ఒకటి, నలభై రెండు సంగతి ఆ పై ఫిబ్రవరికి చూద్దాం.